సీటు రాకుండానే తీర్చిన మొక్కు

తిరుపతిలో చెల్లెలి హాస్టలుకు పూలిచ్చే అక్క ఆ కబురు మొదట తెచ్చింది. “కప్పను కొయ్యలేక మీ చెల్లెలు కండ్లు తిరిగి పడిపోయిందమ్మా. డాక్టరు సదువు వద్దని ఏడస్తా ఉండాది. గ్రూపు మార్సుకోను ఈ పొద్దే ఆఖరంట,” అంటూ, నాయన సంతకం కావాల్సిన దరఖాస్తు ఇచ్చింది.

నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన నాయన ముందు దాన్ని పెట్టాను. చెల్లెలికి డాక్టరు సీటు వస్తే తలనీలాలిస్తానని మొక్కి, ఆయన ఏడాదిగా జుట్టూ గడ్డం పెంచుతున్నాడు.

“సామికి ఏమని సెప్పేది, పాపా?”

“బిడ్డ బాగుంటే సాలని సెప్పు, నాయనా.”

నాయన గడ్డం నిమురుకుని కలం అందుకున్నాడు. తర్వాత సంతకం చేశాడు.

మరునాడే కొండకు పోయి గుండుతో వచ్చాడు.

“సీటే రాలేదు గదప్పా, గుండేంది?” అని వీధిలో ఎగతాళి చేశారు.

“బిడ్డ ఏడుపు మానింది. సాలదా?” అన్నాడు.

మీరు కొండకు పోతే మా నాయనను ఒక్కసారి తలుచుకోండి.