గడప మీద కొండగోగు పూలు

కొల్లూరు కాలనీలో మా ఎదురింటివాళ్లు శుక్రవారం పొద్దున్నే గడప కడిగి, పసుపు రాసి, రెండు చివర్లా రెండు బంతిపూలు పెడతారు. తడి సిమెంటు మీద నలిగిన రేకుల ఘాటు వాసన మెట్లదాకా వస్తుంది. ఆ ఇల్లాలు మంచిదని నాకు తెలుసు, అయినా నా కాలు ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని లోపల ఒక గొంతు అడుగుతుంది. ఆ గొంతు నాది కాదు, మా ఊరిది.

మా ఊరు పటాన్‌చెరుకు ఆవల, వాగు ఒడ్డున ఉండేది. ఒక పక్క జొన్నచేలు, రాళ్లగుట్ట, ఇంకో పక్క అప్పుడప్పుడే లేస్తున్న కంపెనీల పొగగొట్టాలు. శివరాత్రికి కాల్చిన కందగడ్డల తియ్యటి మాడువాసనతో చలి వెళ్లిపోయేది. ఆ తర్వాత రాళ్ల సందుల్లో ఆకు లేని కొమ్మల చివర కొండగోగు పూసేది, ఎవరో పసుపుపచ్చటి దీపాలు వెలిగించి మరిచిపోయినట్టు. మోదుగ పూలు ఉడికించి హోలీ రంగు చేసే పిల్లలతో కలిసి, అరుగుల మీద కచ్చకాయలు ఎగరేసి, సాయంత్రానికి వాగులోకి దిగేవాళ్లం. ఒక ఏడు వాగు మీద కొత్తగా తెల్లటి నురగ తేలుతూ వచ్చేది. దాన్ని దోసిట్లోకి తీసుకొని ఒకరి ముఖం మీద ఒకరం ఊదుకునేవాళ్లం. చేతులు దవాఖాన వాసన వేసేవి.

మా నాన్న చెల్లెలు ఎస్తేరత్త మా ఇంట్లోనే ఉండేది. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయాడు. మిషన్ దవాఖానలో ఐర్లాండు నుంచి వచ్చిన నర్సమ్మకు వంట చేసేది. ఆ నర్సమ్మ పేరు నోరా, ఊరందరికీ నోరమ్మ. మెత్తగా, తక్కువగా మాట్లాడేది కాబట్టి నోరమ్మకు నోరే లేదని పిల్లలం నవ్వుకునేవాళ్లం. ఆమె తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి, అందుకే కూరలో ఉప్పు తక్కువైనా ప్రవక్తలాగానే చెప్పేది.

మధ్యాహ్నాలు దవాఖాన వరండాలో అత్త బియ్యం చెరుగుతుంటే, నేను పక్కన కూర్చొని నోరమ్మ చెప్పే పూల కథలు వినేదాన్ని. వాళ్ల దేశంలో మంచు కరగకముందే నేలను చీల్చుకొని, తల వంచుకొని, ఒక తెల్లపువ్వు లేస్తుందట. చలి ఓడిపోయిందని మొదట చెప్పేది అదేనట, కానీ ఒంటి పువ్వును ఇంట్లోకి తెస్తే చావును పిలిచినట్టేనట. క్రీస్తు పేరు ఆ దేశం చేరకముందు అక్కడున్న కెల్టు జనానికి నిప్పును, పాలను కాచే ఒక దేవత ఉండేదట, ఆ పువ్వు ఆమెదేనట, తర్వాతి కాలంలో ఆమె పేరే ఒక క్రైస్తవ పునీతురాలికి వచ్చిందట. ఆ తెల్లపువ్వు వెనకే పూసే లేతపసుపు పువ్వు కంటికి కనబడని జనాల లోకానికి తలుపట. ఎండాకాలం అడుగుపెట్టే ముందు సాయంత్రం ఆ పూలు గడపల మీద, కొట్టాల ముందు పరిస్తే, పాలూ వెన్నా దొంగిలించే ఆ కనబడనివాళ్లు దాటి రాలేరట. తలుపు తెరిచేదీ మూసేదీ ఒకే పువ్వు ఎట్లా అవుతుందని నేను అడిగితే, "గడపయు అట్టిదే కదా బిడ్డా," అంది.

ఆ ఏడు శివరాత్రి వెళ్లాక గుట్ట మీది పసుపుపచ్చటి కొండగోగు చూసి నోరమ్మకు ఇల్లు గుర్తొచ్చినట్టుంది. "ఎస్తేరూ, మీ ఎండాకాలము వచ్చుచున్నది. ఆ పువ్వులు గడపల మీద పెట్టుదమా?" అని అడిగింది.

"పెడ్దాం తియ్యమ్మా, పువ్వులే గదా," అంది అత్త.

సాయంత్రం అత్తా నేనూ కొంగునిండా పూలు కోసుకొచ్చాం. అత్త మా వాడలో ప్రతి గడప మీదా గుప్పెడు పెట్టింది. చివరింటి లచ్చవ్వకు రెండు బర్రెలుండేవి, అందుకని వాళ్ల కొట్టం ముందు ఇంకాస్త ఎక్కువ పరిచింది. లచ్చవ్వ నవ్వుతూ ఒక పువ్వు తీసి కొప్పులో పెట్టుకుంది.

వారం తిరక్కుండా ఆమె పెద్ద బర్రె పాలు పలచబడి నీలంగా మారాయి. తర్వాత అది మేత ముట్టలేదు. ఒక పొద్దున నోట నురగతో కాళ్లు చాపుకొని పడి ఉంది. మా జిల్లాలో అలాంటి చావుకు ఒకే పేరుండేది, బాణామతి. ఆ మాటను ఎవరూ గట్టిగా అనలేదు. బోరింగు దగ్గర అత్త బిందె పెట్టగానే మిగతా బిందెలు జరిగాయి. మేము నడిచి వస్తుంటే తలుపులు ఒకదాని తర్వాత ఒకటి దగ్గరికి పడ్డాయి. అన్యుల ఆచారాలు ఇంట్లోకి తెస్తే ఇంతేనని చర్చిలో పాస్టరుగారు ఎవరి పేరూ ఎత్తకుండా ప్రసంగించారు. ఇంట్లో అమ్మ, అత్త దించిన కూరగిన్నె మూత తీసి ఒకసారి వాసన చూసింది. అత్త ఆ చూపును చూసింది. ఆ పూట నుంచి ప్రతి గిన్నెలోంచీ తానొక ముద్ద ముందు తిని, కాసేపు కూర్చొని, అప్పుడు మాకు వడ్డించడం మొదలుపెట్టింది. 

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా వాకిట్లో గుంపు ఉంది. ముందు లచ్చవ్వ భర్త మల్లయ్య నిలబడ్డాడు.

"ఎస్తేరమ్మా, జెర ముంగటికి రా. నువ్వేం పెట్టినవో ఊరికి ఎరుకైంది," అన్నాడు.

నాన్న ఏదో అనబోయాడు, ఎవరో ఆయన భుజం పట్టుకొని వెనక్కి లాగారు. మా వెనకే వస్తున్న నోరమ్మ జనంలోంచి దారి చేసుకొని అత్త పక్కకు వచ్చింది. "నేను పెట్టించితిని. దోషమున్న యెడల నన్ను అడుగుడి," అంది. 

"నీకు ఎరుకలేదు దొరసానీ. నీ పేరు జెప్పి ఇది జేసింది. నువ్వు పక్కకు జరుగు," అన్నాడు మల్లయ్య, ఎంతో మర్యాదగా.

వెనకనుంచి ఒకడు, "నోట్ల పండ్లు వీకితె మంత్రం పారదు," అన్నాడు. ఎవరూ వాణ్ని కాదనలేదు. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. అమ్మ కొంగు చల్లగా ఉంది.

అత్త ఏడవలేదు. మల్లయ్యను వదిలి లచ్చవ్వ వైపు చూసింది. "లచ్చవ్వా, నీ రెండో బర్రెను మా వాకిట్ల కట్టెయ్యి. గీ పువ్వులల్లనే ఉంటది. వాగుకు తోలకు. గుట్టకు పోయేటప్పుడు సూసిన, ఆ నీళ్లు నాకు నచ్చలె. మిషన్ బాయి నీళ్లు నేనే మోసి తాపుత. అది గిట్ల సచ్చిందనుకో, నా పండ్లు నేనే సూపిస్త."

మల్లయ్య కుదరదన్నాడు. లచ్చవ్వ మొదటిసారి నోరు తెరిచింది. "బర్రె నాది. పాలు విండేది నేను. నేను కడ్త," అని, అప్పటికప్పుడు పోయి, అప్పటికే మేత తగ్గించిన ఆ బర్రెను తాడు పట్టుకొని తోలుకొచ్చింది.

అత్త బిందె తీసుకొని బావికి బయలుదేరింది. అమ్మ ఇంకో బిందె చంకనెత్తుకొని, "ఉండు ఎస్తేరూ, నేనొస్తున్న," అంటూ వెంట నడిచింది. ఆ తర్వాత మా ఇంట్లో గిన్నెల మూతలు ఎవరూ వాసన చూడలేదు. ఊరు మాత్రం రోజూ మా వాకిలి ముందునుంచి నెమ్మదిగా నడిచేది, బర్రె కళ్లలోకి చూసి పోయేది. వాడిన పూలు తీసి నోరమ్మ తన చేత్తో కొత్తవి పరిచేది. కొన్నాళ్లకు బర్రె నెమరు వేయడం మొదలుపెట్టింది. ఒక పొద్దున లచ్చవ్వ దాని పొదుగు కింద సర్వ పెట్టి పిండితే, పాలు చిక్కగా, వెచ్చగా, చప్పుడు చేస్తూ పడ్డాయి. ఆమె ఆ సర్వతోనే వచ్చి అత్త నోటికి అందించింది.

అంతటితో తీరిపోయిందని నేననుకున్నాను. బోరింగు దగ్గర మళ్లీ అదే గుసగుస. "సూసిండ్రా, మంత్రం పెట్టిన చెయ్యే తీసింది."

మరుసటేడు నోరమ్మ తన దేశం వెళ్లిపోయింది. అత్త జోగిపేటలో ఒక హాస్టలుకు వంటమనిషిగా పోయింది. వాగు నీళ్లు ఎర్రబడి, చేపలు తేలి, మిగతా బర్రెలూ పడిపోయాక ఊరికి అసలు సంగతి అర్థమైంది, ధర్నాలు చేశారు, కంపెనీ గేట్లు మూయించారు. కానీ జోగిపేట బస్సెక్కి పోయి అత్తతో ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. లచ్చవ్వ ఒక్కతే, బతికినన్నాళ్లూ, పండుగకో పబ్బానికో పెరుగుముంత పట్టుకొని అత్త దగ్గరికి పోయి, సాయంత్రందాకా కూర్చొని వచ్చేది. ఇప్పుడు ఇద్దరూ లేరు.

గుట్టను కంకరకోసం తొలిచారు, అది ఉన్నచోట నీళ్లు నిలిచిన గుంత ఉంది. వాగుకు కంచె వేశారు. ఊళ్లో కొట్టాలు లేవు, పాలు ప్యాకెట్లలో వస్తాయి, బీహారు, ఒడిశా కుర్రాళ్లకు గదులు కిరాయికిచ్చి బతుకుతున్నారు. మొన్న మాఘమాసంలో మల్లయ్య మనవరాలి పెళ్లికి పోయాను. పంక్తిలో నా పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ ప్రేమగా నా గడ్డం పట్టుకొని, "ఎవలింటి బిడ్డవమ్మా?" అని అడిగింది.

"ఎస్తేరమ్మ మేనకోడల్ని," అన్నాను.

"అట్లనా," అని నవ్వింది. నవ్వుతూనే, పక్కనున్న మునిమనవణ్ని ఒళ్లోకి లాక్కొని, వాడి తలమీద కొంగు కప్పింది.