ఆర్కెస్ట్రా అంతా చేతులెత్తిన రోజు

2023 ఫిబ్రవరి. విన్నిపెగ్ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే ఒక చిన్న నగరం. అక్కడి పాత ఐస్ హాకీ అరీనాలో నేను బిల్డింగ్ ఆపరేటర్‌ని. ఐస్ గడ్డకట్టించే కంప్రెసర్లు, బాయిలరు, ఫ్యాన్లు, గ్యాస్ లైన్లు, అన్నీ చూసుకునే ఉద్యోగం. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడికొచ్చాక బాయిలర్లు, కంప్రెసర్లు నడపడానికి కావలసిన పవర్ ఇంజనీర్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. పనిలో బాగా భయపడ్డ రోజు ఏదని ఎవరైనా అడిగితే, ఆ కంప్రెసర్లలో వాడే అమ్మోనియా లీకు గురించి చెబుతాననుకుంటారు. నేను ఒక మ్యూజిక్ రిహార్సల్ గురించి చెబుతాను.

మా ఊళ్ళో ఒక పాప్స్ ఆర్కెస్ట్రా ఉంది. వయొలిన్లు, ట్రంపెట్లు, డ్రమ్ములు అన్నీ పెద్ద సింఫనీలో ఉన్నట్టే ఉంటాయి. వాయించేది మాత్రం సినిమా సంగీతం, డాన్స్ ట్యూన్లు, పండగ పాటలు. స్నో బూట్లతో వచ్చి, పాప్‌కార్న్ తింటూ వినొచ్చు. చాలా ఏళ్ళ కిందట రైల్వే వర్కర్లు, స్కూలు టీచర్లు, ఒక బేకరీ యజమాని కలిసి దాన్ని మొదలుపెట్టారట. అప్పుడు వాళ్ళకి హాలు లేదు. మా అరీనాలోనే ఐస్ మీద చెక్క పలకలు పరిచి, వేళ్ళ చివర్లు కత్తిరించిన గ్లవుజులు తొడుక్కుని వాయించారు. తర్వాత మంచి హాలు కట్టుకుని వెళ్ళిపోయారు. ఇదంతా నాకు చెప్పింది ఎల్సీ. ఎనభై దాటిన మనిషి. మొదటి కచేరీలో వాయించినవాళ్ళలో మిగిలింది తనొక్కతే. ఇప్పటికీ క్లారినెట్ వదల్లేదు.

అరీనాని కూల్చేయబోతున్నారని తెలిశాక, అంతకుముందే ఒక్కసారి తాము పుట్టిన చోట వాయించాలని ఆర్కెస్ట్రావాళ్ళు అనుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం కచేరీ, పొద్దున రిహార్సల్. యూత్ సెక్షన్‌లో ఫ్లూట్ వాయించే మా అమ్మాయి అన్వితకి పద్నాలుగేళ్ళు. ఇద్దరం ఒకే కారులో వెళ్ళాం. తను స్టేజి మీదకి, నేను నా డ్యూటీకి.

బయట మైనస్ ముప్ఫై. ప్రేక్షకులు చలికి వణక్కూడదని ప్రొపేన్ గ్యాస్‌తో మండే హీటర్లు అద్దెకి తెప్పించారు. వాటిని గోడ అవతల పెట్టి, లావుపాటి గొట్టాల ద్వారా వేడిగాలి లోపలికి పంపుతారు. రికార్డింగ్‌కి చప్పుడు అడ్డమని పైకప్పు ఫ్యాన్లు తక్కువ స్పీడులో ఉంచారు. హీటర్ల నుంచి తాజా గాలి వస్తుంది కాబట్టి అది సరిపోతుందని కంపెనీవాళ్ళు లెక్కేసి చెప్పారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

రిహార్సల్ సగంలో అన్విత నీళ్ళ కోసం వచ్చింది.

"అమ్మా, మై హెడ్ హర్ట్స్."

"పొద్దున్న ఏమీ తినకుండా వచ్చావు కదా. బ్యాగులో అరటిపండు ఉంది, తిను."

"ఐ ఫీల్ లైక్ త్రోయింగ్ అప్."

వాంతి వచ్చేట్టుందంటే స్టేజి బెదురనుకున్నాను. బయటి టీములు బట్టలు మార్చుకునే విజిటర్స్ రూములో కాసేపు పడుకోమని పంపించాను.

తర్వాత ఐదు నిమిషాలు కూడా కాలేదనుకుంటా, స్టేజి మీద ఏదో కిందపడ్డ చప్పుడు. ఎల్సీ చేతిలోంచి క్లారినెట్ జారిపోయింది. ఆమె దాన్ని తీసుకోవడానికి వంగలేదు. ఎదురుగా ఉన్న పేజీవైపు చూస్తూ అలాగే కూర్చుంది. కండక్టర్ గ్రాంట్ వాయిద్యాలు ఆపించాడు. ఫస్ట్ ఎయిడ్ వాలంటీర్ పరిగెత్తుకొచ్చి, ఎల్సీ వేలికి ఆక్సీమీటర్ తగిలించింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే చిన్న క్లిప్పు అది.

"తొంభై ఎనిమిది ఉంది. బాగానే ఉన్నారు. నీళ్ళు తక్కువై ఉంటాయి," అంది.

ముందు వరసలో మోహనరావు అంకుల్ కూర్చుని ఉన్నారు. విన్నిపెగ్‌లో ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్లకి మత్తుమందిచ్చిన డాక్టరు, ఇప్పుడు రిటైరయ్యారు. అన్విత వాయిస్తుందంటే ముందే వచ్చేశారు. ఆయన మెల్లగా లేచి స్టేజి దగ్గరికి వెళ్ళారు. ఎల్సీని పేరడిగారు. చెప్పింది. ఏ ఊరు అనడిగారు. ఆమె ఆలోచిస్తూ ఉండిపోయింది.

ఆయన నావైపు తిరిగి తెలుగులో, గొంతు తగ్గించి అడిగారు. "అమ్మా పద్మజా, ఇక్కడ ఏమైనా మండుతోందా?"

"హీటర్లు, అంకుల్. బయటున్నాయి."

"ఈ క్లిప్పుకి ఆక్సిజన్ ఏదో కార్బన్ మోనాక్సైడ్ ఏదో తేడా తెలీదు. మనిషి పోతున్నా తొంభై ఎనిమిదే చూపిస్తుంది."

గ్యాస్ సరిగ్గా మండకపోతే పుట్టే విషవాయువు అది. దానికి రంగు లేదు, వాసన లేదు. దగ్గు రాదు, కళ్ళు మండవు. మా దగ్గర దాన్ని పట్టే సెన్సర్ ఉంది. కానీ అది అరీనా అవతలి చివర, ఐస్ నునుపు చేసే బండి గది పక్కన ఉంది. ప్రమాదం ఎప్పుడూ ఆ బండి ఇంజన్ పొగ నుంచే వచ్చేది కాబట్టి అక్కడే పెట్టారు. స్టేజి ఈ చివర.

అంకుల్ గ్రాంట్ చెవిలో ఏదో చెప్పారు. గ్రాంట్ మామూలు గొంతుతోనే అడిగాడు. "ఎవరికైనా తలనొప్పిగా ఉందా? ఉంటే చెయ్యెత్తండి."

మొదట ఒక వయొలిన్ ఆవిడ ఎత్తింది. వెనక ట్రంపెట్ల వరస. తర్వాత సెల్లోలు. ఒకరినొకరు చూసుకుంటూ, ఒక్కొక్కరూ. ప్రతివాళ్ళూ అది తమ ఒక్కరికే అనుకున్నారు. చివరికి చెయ్యి ఎత్తనివాళ్ళని వెతుక్కోవాల్సి వచ్చింది. అంతమంది చేతులు గాల్లో. 

ఆఫీసులోంచి, ఆ వాయువు గాలిలో ఎంతుందో చూపించే చేతి మీటరు తెచ్చాను. ఆఫీసు గుమ్మంలో తక్కువే చూపించింది. స్టేజివైపు నడుస్తున్నకొద్దీ అంకెలు పెరిగాయి. మెట్ల దగ్గరికొచ్చేసరికి అది కీచుమని మోగడం మొదలుపెట్టింది.

"గ్రాంట్, అందరూ బయటికి. కోట్ల కోసం ఆగొద్దు."

"ఈ చలిలోకా? పిల్లలున్నారు."

"పార్కింగ్‌లో యూత్ సెక్షన్ పిల్లల్ని తెచ్చిన స్కూలు బస్సు ఉంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. అందులోకి పంపండి."

అతను ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "వాయిద్యాలు కుర్చీల మీద పెట్టండి. నడవండి, పరిగెత్తొద్దు," అన్నాడు. ఇద్దరు ఎల్సీని కుర్చీతో సహా ఎత్తుకెళ్ళారు. నేను ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేస్తూనే హీటర్లు కట్టేయించాను, పెద్ద షట్టర్లు లేపాను, ఫ్యాన్లు ఫుల్లు స్పీడులో పెట్టాను. ఆ పనులన్నీ చేతులు వాటంతటవే చేశాయి. బస్సు దగ్గర పేర్లు పిలుస్తున్నారు. అన్విత పేరు రెండోసారి పిలిచినప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు, దాన్ని పడుకోమని పంపింది నేనేనని.

గాలి చెడిపోయిన బిల్డింగులోకి, మాస్కూ గాలి సిలిండరూ ఉన్న బ్రీతింగ్ సెట్ లేకుండా తిరిగి వెళ్ళకూడదు. ట్రైనింగులో మాకు మొదట నేర్పే రూలు అది. రక్షించబోయినవాళ్ళు కూడా లోపలే పడిపోతారు. ఫైర్ ఇంజన్ ఇంకా రాలేదు. విజిటర్స్ రూము స్టేజి కిందుగా, హీటరు గొట్టం పోయే గోడకి ఆనుకుని ఉంది.

మీటరు చూసుకున్నాను. షట్టర్లు తెరవడంతో అంకె దిగుతోంది. కొద్ది నిమిషాలు తట్టుకోగల స్థాయి. రూము లోపల ఎంతుందో మాత్రం తెలీదు.

"నేనూ వస్తాను," అన్నాడు గ్రాంట్.

"వద్దు. మీరు గుమ్మంలో నిలబడి నన్ను పిలుస్తూ ఉండండి. నేను పలకకపోతే లోపలికి రాకండి, ఫైర్ వాళ్ళకి చూపించండి."

కారిడార్‌లో పరిగెత్తాను. వెనకనుంచి "పద్మజా" అని అతని గొంతు. "ఉన్నాను" అని నేను. రూము తలుపు తీస్తే అన్విత బెంచీ మీద ముడుచుకుని పడుకుని ఉంది. మొహం ప్రశాంతంగా ఉంది.  పిలిచాను. కుదిపాను. కళ్ళు సగం తెరిచి, మళ్ళీ మూసేసింది. చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుంటూ బయల్దేరాను. దాని బూట్లు నేలకి రాసుకుంటున్నాయి. గ్రాంట్ పిలుస్తూనే ఉన్నాడు, జవాబివ్వడానికి నాకు ఊపిరి చాల్లేదు. చివరి మలుపులో అతను నా మాట లెక్కచెయ్యకుండా ఎదురొచ్చి దాని కాళ్ళు పట్టుకున్నాడు.

మంచులో పడుకోబెట్టగానే, మోహనరావు అంకుల్ తన కోటు తీసి కప్పారు. "తల్లీ, కళ్ళు తెరువు," అంటూ బుగ్గలు తట్టారు. కాసేపటికి "ఇట్స్ కోల్డ్" అంది. అంతకన్నా మంచి మాట నేను వినలేదు.

హాస్పిటల్లో అందరికీ మాస్కులు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. అన్విత ఆ సాయంత్రానికే లేచి కూర్చుంది. గాలి దిశ మారి, మంచు పేరుకుని ఒక హీటరు పొగ పోయే దారి మూసుకుపోయిందని, ఆ పొగంతా తిరిగి వేడిగాలిలోకే చేరిందని తర్వాత తేల్చారు. కచేరీ మొదలై ఉంటే, లోపల ముసలివాళ్ళూ చంటిపిల్లలూ ఎందరుండేవాళ్ళో. ఆ ఆలోచన ఎక్కువసేపు చెయ్యను.

ఎల్సీని ఎక్కువ రోజులు ఉంచారు. చూడ్డానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మొదటి శీతాకాలంలో మాతో హార్న్ వాయించే వాల్టర్ అని ఉండేవాడు. ఒక వాల్ట్జ్ డాన్స్ ట్యూను మధ్యలో కుర్చీలోంచి ఒరిగి చనిపోయాడు. సంతోషం పట్టలేక గుండె ఆగిందని అందరం చెప్పుకున్నాం. ఆ రోజుల్లో స్టేజి పక్కన బొగ్గు పొయ్యిలు పెట్టేవాళ్ళు. మాకందరికీ తలనొప్పి వచ్చేది. బయటికెళ్ళి మంచులో నిలబడితే తగ్గేది."

కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

"ఏమో, ఇప్పుడెవరు చెప్పగలరు?" అంది తనే. "కానీ ఆ కథ ఇక పిల్లలకి అలా చెప్పను."

వసంతంలో ఒక స్కూలు జిమ్‌లో ఆ కచేరీ జరిగింది. ఎల్సీ వాయించలేదు, వేళ్ళు మాట వినడంలేదంది. ముందు వరసలో కూర్చుని విన్నది.

ఆ తర్వాత కూడా నేను అదే ఉద్యోగం చేస్తున్నాను, వేరే బిల్డింగులో. అలారాలు, సెన్సర్లు అన్నీ మంచివే. కానీ అవి మనం భయపడ్డ చోట మాత్రమే కాపలా కాస్తాయి. మిగతా చోట్ల కాపలా మనుషుల ఒళ్ళే. అందుకని లోపల ఎవరైనా తలనొప్పి అంటే మాత్ర ఇవ్వను. పక్కనున్నవాళ్ళని అడుగుతాను. వాళ్ళకీ ఉందంటే, ముందు తలుపు తెరుస్తాను. కారణం తర్వాత వెతుక్కుంటాను.