పేరు చెప్పొద్దన్న టీచరు

తిరుపతిలో వెబ్‌సైట్లు తయారుచేసే ధనశేఖర్ 2009లో ఊళ్ల సమస్యల కోసం ఒక సైటు పెట్టాడు. అందులో ఎవరైనా ఫారం నింపితే, అతను సొంతంగా రాసిన ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం దాన్ని వెంటనే పోస్టుగా వేసేసేది. తన పనితనానికి తనే మురిసిపోయేవాడు.

వడమాలపేట దగ్గర పల్లెలో టీచరు ప్రసన్నకుమారి, బడిలో పిల్లలకు పురుగుల అన్నం పెడుతున్నారని రాసి, తన పేరు బయటపెట్టొద్దని కోరింది. పేరూ ఫోన్ నంబరుతో సహా అంతా సైట్లో పడింది. మర్నాడు బడిలో ఆమెను పలకరించినవాళ్లు లేరు.

సంగతి తెలిసి ధనశేఖర్ పోస్టు తీసేసి, ఆమె ఇంటికి వెళ్లాడు.

"పేరు రాయొద్దన్నాను గదప్పా, సూడలేదా?" అని అడిగిందామె.

"ఎవరూ సూడరు మేడం. దానంతటదే పడిపోతాది."

"ఎవరో మనిషి సదువుతాడనుకోని రాసినాను."

అతను తిరుపతికి తిరిగొచ్చి, తను చదివి ఒప్పుకుంటే తప్ప ఏదీ సైట్లోకి రాకుండా కోడు మార్చాడు. ఆ మాట ఆమెకు ఫోన్ చేసి చెప్పడానికి మాత్రం మొహం చెల్లలేదు.