నెరిడా ఉతకని టోపీ

నెరిడా ప్రింగిల్ టోపీ ఉతకదు. పిట్ట నెత్తిన రెట్ట వేస్తే కలిసొస్తుందని ఆ తీరంలో చాలామంది అంటారు గానీ, ఆ కలిసొచ్చినదాన్ని ఏళ్ళ తరబడి నెత్తిన మోసుకు తిరిగేది ఈవిడొక్కతే. తినేవాళ్ళకి అమ్మడానికి నీళ్ళలో పెంచే తన ఆల్చిప్పల బుట్టలు చూసుకోవడానికి పడవెక్కిందంటే గాలివాటున ఉన్నవాళ్ళు ముఖం తిప్పుకోవాల్సిందే.

ఆ ఏడు మాత్రం ఆవిడకేదీ కలిసిరాలేదు. ఆల్చిప్పల్లో ఏదో రసాయనం తేలింది. అంటుకోని పెనాలకీ, మరకపట్టని తివాచీలకీ పూసేదట. అదెక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపేదాకా ఒక్క చిప్ప కూడా అమ్మకూడదన్నారు అధికారులు. తాతల నాటి పని. అది లేకపోతే నెరిడాకి పొద్దున్నే లేవాలని కూడా అనిపించలేదు.

"ఇంకెక్కణ్ణుంచి? ఆ డెస్మండ్ గాడి పడవ రంగులోంచే!" అని తేల్చేసింది.

డెస్మండ్ పక్కింటాయన. బళ్ళో ఇద్దరిదీ ఒకే బెంచీ. పడవ కట్టుకునే గుంజ దగ్గర తగాదా వచ్చి మాటల్లేవు. మాటల్లేవంటే కబుర్లు లేవని, తిట్లకేం లోటు లేదు.

"నా పడవకి రంగెక్కడుందే? చెక్క కనబడుతోంది కదా!" అని అరిచాడు కంచె అవతలినుంచి.

"అదే మరి! ఆ రంగంతా నా చిప్పల్లోకి దిగింది!"

పరీక్షలకొచ్చిన శాస్త్రవేత్త లిన్ నీళ్ళు పట్టింది, బురద తవ్వింది, పడవ గీకింది. చివరికి నెరిడా నెత్తివైపు అదోలా చూసింది.

"ఆ టోపీ ఒకసారి ఇస్తారా, నెరిడా గారూ?"

"ఏమ్మా, నీకూ అదృష్టం కావాలా?"

లిన్ టోపీ అంచు ముక్క కత్తిరించి పట్టుకెళ్ళింది. పడవ రంగులో ఏమీ లేదు. టోపీ నిండా అదే రసాయనం.

"మీ చెత్తకోళ్ళే," అంది లిన్. వంకరముక్కు తెల్ల ఐబిస్ కొంగల్ని ఊళ్ళో అలాగే అంటారు. "పొద్దున్నే ఊరవతల చెత్తదిబ్బకి పోతాయి. అక్కడ మేసిందంతా తెచ్చి ఇక్కడ నీళ్ళలో వదులుతున్నాయి. అన్నీ సరిగ్గా ఇక్కడికే ఎందుకు చేరుతున్నాయో నాకర్థం కావట్లేదు."

నెరిడాకి అర్థమైంది. నాచు ఎండిపోవాలని నీళ్ళపైకెత్తిన బుట్టలమీద ఆ పిట్టలు వాలకుండా, ఎగువన నీళ్ళలో గుంజలు పాతి, హాయిగా కూర్చునేలా దూలాలు కట్టింది తనే. ఆ తెలివికి క్లబ్బులో బీరు గ్లాసెత్తి గొప్పలు కూడా చెప్పుకుంది. నీళ్ళెటు పారతాయో పుట్టినప్పటినుంచి తెలిసిన మనిషి, రెట్టెటు పారుతుందో ఆలోచించలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

రంపం పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళింది.

"ఒరేయ్ డెస్, ఆ దూలాలు పీకేయాలి. పడవ కదలకుండా పట్టుకునే మనిషి కావాలి."

"రంగు లేని పడవైనా పరవాలేదా?"

"నోర్మూసుకుని రా!"

వచ్చాడు. ఇద్దరూ తిట్టుకుంటూనే అన్నీ పీకేశారు. నీళ్ళు తేటపడి, చిప్పలు పరీక్షలో నెగ్గితే మళ్ళీ అమ్ముకోవచ్చని లిన్ చెప్పింది. నెరిడా కళ్ళు తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందంది.

మర్నాడు పొద్దున డెస్మండ్ కంచెమీద వాలిపోయి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాడు. ఆ దూలాలు పోతే పోయాయి, ఇంకో గూడు దొరికిందన్నట్టు చెత్తకోళ్ళన్నీ నెరిడా రేకుల కప్పుమీద బారులు తీరాయి. కప్పుమీద పడ్డ వాన గొట్టంలోంచి తొట్టిలోకి దిగుతుంది. ఆవిడ తాగేది ఆ తొట్టి నీళ్ళే.

నెరిడా కప్పు చూసింది, గొట్టం చూసింది, చేతిలో కెటిల్ చూసింది. నీళ్ళు గడ్డిలో పారబోసింది.

"నవ్వింది చాలు గానీ, మీ ఇంట్లో టీ పెట్టు."

డెస్మండ్ నవ్వు ఆపేశాడు. ఆవిడ తన గడప తొక్కి ఎన్నేళ్ళయిందో అతనికి బాగా గుర్తుంది.

"పెడతా, రా," అన్నాడు మెల్లగా. "టోపీ మాత్రం బయటే వదిలి రా."