కురచ కబురు

ప్రయోగశాలలో ఆమెను కత్తెరక్క అంటారు. పని అలాంటిది. ఏ ప్రోటీను తయారుచెయ్యాలో కణానికి చెప్పే కబురు ఎంఆర్ఎన్ఏ. కొన్ని టీకాల్లో ఒంట్లోకి పంపేది ఆ కబురునే. అసలు మాటకు ముందొక తల, వెనక పొడుగాటి తోక. ఎంత పొడుగైతే తయారీ అంత కష్టం. అసలు మాట చెడకుండా తలా తోకా కురచ చెయ్యడం ఆమె ఉద్యోగం. కోస్తుంది, కణాల్లో వేస్తుంది, పలకకపోతే కోసింది మళ్లీ అతికిస్తుంది. ఏళ్లు గడిచాయి. నడుం నొప్పి వచ్చింది గాని, కబురు ఆమె అనుకున్నంత కురచ కాలేదు.

ఈ పనికి వట్టి చెయ్యి పనికిరాదు, చేతులకు తొడుగులు ఉండాలి. మనిషి ఒంటి చెమట సోకితే చాలు, కబురు ముక్కలైపోతుంది. ఆ భయం ఇంటిదాకా వచ్చింది. తలుపు మోచేత్తో తోస్తుంది, లైటు మోచేత్తో వేస్తుంది. "చేతులుండి మోచేతులతో కాపురం చేసేది మా కోడలొక్కతే" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది అత్త.

ఈసారి బాగా కురచగా కోసింది. ఇదీ పలకకపోతే పాత పొడుగుదాంతోనే సరిపెట్టుకుందామని, ఆమెను వేరే పనికి మారుస్తానని పెద్దసారు ముందే చెప్పాడు. పరీక్ష కోసం కబురులో రాసి ఉంచింది పచ్చగా మెరిసే ప్రోటీను; కబురు అందితే కణాలు పచ్చగా వెలగాలి.

మర్నాడు సూక్ష్మదర్శినిలో చూసింది. అంతా నలుపు. ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. అలవాటు కొద్దీ కణాల పళ్లేన్ని జరిపి పక్క గుంట చూసింది. అందులో ఉన్నది పాత పొడుగు కబురు, ఏనాడూ తప్పనిది. అదీ నల్లగానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం అత్త ఫోను చేసింది. వంటింటి కొళాయి ఆగడం లేదని, నీళ్లు గడప దాటుతున్నాయని. తొడుగు చేత్తోనే ఫోను చెంపకు ఆనించుకుని, ఎక్కడ తిప్పాలో చెప్పింది. అదే చేత్తో నీళ్ల సీసా మూత తీసింది. రెండు కబుర్లనూ కలిపింది ఆ నీళ్లలోనే.

పెద్దసారు అంతా విని కళ్లజోడు తీశాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

"మద్దెలకి చిల్లు పెట్టింది నేనే సార్."

ఆయన ఆమె కళ్ల కింది నలుపు కేసి చూశాడు. ఇంకొక్కసారే చేసి చూడమన్నాడు. ఫోను తన గదిలో పెట్టి వెళ్లమన్నాడు.

రేపు ఇల్లు మునిగినా ఫోను చెయ్యొద్దని అత్తకు చెప్పింది. మునిగితే ఈదుకుంటూ తనే వస్తానంది అత్త.

కొత్త నీళ్లు, కొత్త తొడుగులు. చెంప దురద పెట్టినా చెయ్యి ఎత్తలేదు.

ఈసారి రెండు గుంటలూ పచ్చగా వెలిగాయి. ఏది పొడుగుదో ఏది కురచదో కంటికి తెలియలేదు. పెద్దసారు వంగి చాలాసేపు చూశాడు. బాగుందని అనలేదు.

"ఇంకా కొయ్యొచ్చేమో చూడు" అన్నాడు.

సరేనంది. తొడుగుల పెట్టె ఖాళీ అయింది. ఇంకోటి తెచ్చుకోవడానికి మోచేత్తో తలుపు తోసింది.