తీయించని జుట్టు

తొంభైల చివర్లో ఒక పని మీద చల్లపల్లిలో కోడూరు బస్సెక్కాను. పక్క వరసలో ఖాళీ చేపల గంపతో కూర్చున్న ఒకావిడ చాలాసేపు నన్నే చూసి, "తలనీలాలు ఎప్పుడిస్తారండీ?" అని అడిగింది.

అప్పటికి నాకు యాభై. నెరిసిన జుట్టు భుజాల మీద పడేది. కాలేజీ ఎగ్గొట్టి గోవా పోయి, హిప్పీలతో పాటు సముద్రపొడ్డున ఇసుకలో కూర్చుని మూడు రోజులు గిటార్లు విన్నప్పటి నుంచి పెంచిన జుట్టది. మా అమ్మాయి పెళ్లి దగ్గర పడింది కాబట్టి, హైదరాబాదు చేరగానే తీసేయిస్తానని ఇంట్లో మాటిచ్చి వచ్చాను.

"మొక్కేం లేదమ్మా. కుర్రతనంలో పాటల పిచ్చితో పెంచాను."

"ఏమీ కోరుకోకుండా అంత జుట్టు ఎవరు పెంచుతారండీ?"

ఆలోచిస్తే కోరుకున్నామనే అనిపించింది. "యుద్ధాలు ఉండకూడదని, మనుషులంతా ఒకటిగా ఉండాలని అనుకునేవాళ్లం" అన్నాను. పైకి అన్నాక సిగ్గేసింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మా ఆయనా పెంచాడండి. సముద్రం మీద వేటకెళ్లిన మా మరిది తిరిగి రావాలని."

"వచ్చాడా?"

"ఏడేళ్లయిందండి. కొండకెళ్లి తీయించెయ్యమని అందరూ అంటారు. తీయిస్తే ఇక రాడని ఒప్పేసుకున్నట్టేగా అంటాడు."

కోడూరులో గంప ఎత్తుకుని దిగబోతూ ఆగింది. "మీరు కోరింది ఇంకా పెద్దదండీ. అప్పుడే తీయించకండి."

మా అమ్మాయి పెళ్లి ఫొటోలన్నిటిలోనూ నా జుట్టు భుజాల మీదే ఉంది.