మేడ తలుపుకి మూడు తాళాలు

తప్పంతా నాదేనని మా అత్త గౌరీదేవి ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను. భిలాయి పక్కనున్న దుర్గ్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి. ఆదివారం భోజనానికి పిలిచి, చేపల పులుసు వడ్డించి, "మీ కాలేజీలో ఏటి చెప్తావురా ప్రసాదూ?" అని అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను? విన్నవాడు ఆ పాఠాన్ని మేడ మెట్ల మీద అమలు చేస్తాడని నాకు ఏ సిలబస్‌లోనూ రాసివ్వలేదు.

అడిగినవాడు మా మావయ్య తాతబ్బాయి. పాలకొండ దగ్గర ఒక పల్లె నుంచి పంతొమ్మిదో ఏట రేకు పెట్టెతో భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ముప్ఫయ్యారేళ్ళు క్రేను నడిపాడు. "పైనించి చూస్తే మనిషి అగపడడురా, హెల్మెట్టే అగపడతాది" అంటాడు. ఏ హెల్మెట్ ఎటు కదులుతోందో చూసుకుని టన్నుల కొద్దీ ఇనుము దించడం ఆయన పని. దాని కింద ఉన్నవాడు ఇంట్లో పోట్లాడి వచ్చాడా, పిల్లకి జ్వరంగా ఉందని దిగులుగా ఉన్నాడా అన్నది ఆయనకి అక్కర్లేదు. రిటైరయ్యాక కూడా లోకాన్ని ఆ క్యాబిన్‌లోంచే చూస్తున్నాడని మా అమ్మ వెక్కిరిస్తుంది. చెల్లెలు కాబట్టి ఆవిడకి చెల్లింది.

వైశాలి నగర్‌లో మూడంతస్తుల ఇంట్లో కింది వాటా మావయ్యది. మధ్య వాటా నరసింగరావుది. మిల్లులో క్రేను కింద నిలబడి చేత్తో సిగ్నల్ ఇచ్చింది ఆయనే. ఆయన చెయ్యి ఊపితే మావయ్య దించేవాడు, పిడికిలి బిగిస్తే ఆపేవాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క వేలు కూడా నలగలేదు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు, ఏ చుట్టరికమూ లేదు. పై వాటా జితేంద్ర సాహుది. రాజ్‌నాంద్‌గావ్ మనిషి, ఆయనా కర్మాగారంలో రిటైరైనవాడే. వీటన్నిటి మీదా మేడ. ఆ మేడకి ఏ రూలూ లేదు, ఎవరి బట్టలు వాళ్ళు ఆరేసుకునేవారు.

మేడ అవసరం అందరికంటే మా అత్తకే ఎక్కువ. ఇద్దరు కొడుకులూ భిలాయిలోనే పుట్టి హిందీలోనే కలలు కంటారు. మనవలకి ఆవిడ దాదీ. నలభై ఏళ్ళయినా అత్త హిందీ కూరగాయల బండి దగ్గరకి సరిపోతుంది గానీ కడుపులో బాధ చెప్పుకోవడానికి చాలదు. అది చెప్పుకోవడానికి ఉన్నది నరసింగరావు గారి భార్య అచ్చమ్మ ఒక్కతే. రోజూ మధ్యాహ్నం మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో ఇద్దరూ కూర్చునేవారు. ఏప్రిల్ వస్తే ఇద్దరూ కలిసి ఒకే కాయతో గుమ్మడి వడియాలు పెట్టేవారు. వడియాలు వారంలో అయిపోయేవి, కబుర్లు ఏడాదంతా సాగేవి.

సరే, ఆ ఆదివారం. నేను చేప ముల్లు తీసుకుంటూ చెప్పాను. "దేశాల మీద పోలీసు లేడు మావయ్యా. పక్క దేశం కొడితే వెళ్ళి చెప్పుకోడానికి ఠాణా లేదు. అందుకని ఎవరి జాగ్రత్త వాళ్ళే చూసుకుంటారు. పక్కవాడి మనసులో ఏముందో తెలుసుకునే దారి లేదు కాబట్టి, వాడేం అంటున్నాడో వదిలేసి వాడి చేతిలో ఏముందో చూస్తారు. దేశాలు ఇలాగే నడుచుకుంటాయి అని చెప్పే సిద్ధాంతాన్ని యథార్థవాదం అంటారు."

మావయ్య ముద్ద కంచంలో పెట్టేశాడు. "దీనికి పేరు కూడా ఉందేటి? నాను పుట్టిన కాడినించీ ఇదే కదరా చేస్తన్నాను!"

క్లాసులో ఎవరూ నన్ను అంత శ్రద్ధగా వినరు. పొంగిపోయాను. ఒకడు భయంతో గోడ ఎత్తు పెంచితే అది చూసి పక్కవాడు భయంతో ఇంకా పెంచుతాడనీ, ఇద్దరికీ యుద్ధం అక్కర్లేకపోయినా ఇద్దరూ దాని అంచుకే చేరతారనీ చెప్పాను. అది హెచ్చరికరా బాబూ! ఆయన దాన్ని వంట చేసే పద్ధతిలా రాసుకున్నాడు.

వారం తిరక్కుండానే నరసింగరావు మేడ మీద నాలుగు డబ్బాల్లో సిమెంటు పోసి, ఇనుప రాడ్లు నిలబెట్టి, ఆకుపచ్చ నెట్టు కట్టాడు. అచ్చమ్మ కరివేపాకు కుండీలు ఎండకి మాడిపోతున్నాయట.

"కుండీలకేనంట," అన్నాడు మావయ్య నాకు ఫోన్ చేసి. "నువ్వు చెప్పినావు కదా, మాట ఇనకూడదు, చేతిలో ఏటుందో చూడాలని. చేతిలో ఇనుప రాడ్లున్నాయిరా. ఈరోజు నెట్టు, రేపు రేకులు, ఎల్లుండి గది!"

మర్నాడు మేడ మీద నెట్టుకీ ట్యాంకుకీ మధ్య పాత నవారు మంచం, మోటారు కాలిపోయిన కూలరూ వెలిశాయి. మావయ్యని అడిగితే, రెండు సేనల మధ్య ఖాళీ జాగా ఉండాలన్నాడు. ఖాళీ జాగాని సామానుతో నింపడం ఏమిటని నేను అడగలేదు. నరసింగరావు ఊరుకున్నాడా? పాత స్కూటర్‌ని విడదీసి, ముక్కలు మోసుకొచ్చి కూలర్‌కి ఎదురుగా పేర్చాడు. ఇద్దరూ సాహుని తమ వైపు లాక్కోవడానికి పోటీ పడ్డారు. కింది నుంచి పులిహోర, మధ్య నుంచి బొబ్బట్లు. సాహు రెండూ తిని, రెండు వాటాల వైపూ సమానంగా నవ్వి, ఆ సందట్లో మేడ మీద మూడో మూల తన టీవీ గొడుగు బిగించుకున్నాడు. తటస్థ దేశం అంటే ఎలా ఉండాలో నేను క్లాసులో ఇప్పుడు ఆయన్నే ఉదాహరణగా చెబుతున్నాను.

చివరికి ఒక ఉదయం మావయ్య పవర్ హౌస్ బజారుకి వెళ్ళి పెద్ద తాళం కొనుక్కొచ్చి మేడ తలుపుకి వేశాడు. దాని పక్కన తన పేరు రాసిన ఎర్ర ట్యాగు కట్టాడు.

ఇంకెక్కడైనా అయితే నరసింగరావు సుత్తితో ఆ తాళం పగలగొట్టేవాడు, ఒక పూట అరుచుకునేవారు, అయిపోయేది. కానీ ఇది భిలాయి. కర్మాగారంలో యంత్రం బాగుచేసేవాడు స్విచ్ కట్టేసి, దానికి తన తాళం వేసి, తన పేరున్న ఎర్ర ట్యాగు కడతాడు. ఆ తాళం వేసినవాడు తప్ప ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే లోపల మనిషి పోతాడు. అతనితో పాటు ఇంకొకడు లోపలికి వెళ్తే వాడి తాళం కూడా పక్కనే వేస్తాడు. అన్ని తాళాలూ ఊడితే గానీ యంత్రం కదలదు. ఈ నియమం వీళ్ళ ఒంట్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, ఇంట్లో బల్బు మార్చేటప్పుడు కూడా స్విచ్‌కి చీటీ కడతారు.

కాబట్టి నరసింగరావు తాళం పగలగొట్టలేదు. దాని పక్కనే తన తాళం వేసి, తన పేరు ట్యాగు కట్టాడు. సాయంత్రానికి సాహు కూడా మెట్లెక్కి వచ్చి చూసి, "తో హమ్ కైసే పీఛే రహేఁ?" అని, తానెందుకు వెనకబడాలన్నట్టు మూడో తాళం వేశాడు. ఇప్పుడు మేడ ఎవరిదీ కాదు. ముగ్గురికీ చాలా తృప్తిగా ఉంది.

"బలాలు సరిసమానమైపోయినాయి," అన్నాడు మావయ్య నాతో, గర్వంగా. "ఇంక గొడవే లేదు."

నిజమే, గొడవ లేదు. అత్త వంటింట్లో, అచ్చమ్మ పైన వంటింట్లో. బావల మధ్య మాటలు లేవు కాబట్టి భార్యలు ఒకరి గడప ఒకరు తొక్కకూడదని రెండు ఇళ్ళలోనూ మగాళ్ళు ఆజ్ఞలు జారీ చేశారు. ఇలా ఇరవై రోజులు. ఆ రోజుల్లో నేను రెండుసార్లు వెళ్ళాను. అత్త టీవీ ముందు కూర్చుని ఉంది. మావయ్య యుద్ధవార్తలు చూస్తూ ఎవడు ఎవడి మీద ఎందుకు పడ్డాడో వివరిస్తున్నాడు. ఆవిడ ఊఁ కొడుతోంది. అప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు, సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి. మా సిద్ధాంతంలో దేశమంటే ఒకే ముక్క, లోపల ఎవరున్నారన్నది మేం చూడం.

ఏప్రిల్ వచ్చింది. ఒక సాయంత్రం అత్త బూడిద గుమ్మడికాయ తెచ్చి మావయ్య ముందు పెట్టింది. కాయకి మొదటి దెబ్బ మగవాడే వెయ్యాలి కదా. ఏటా మా మావయ్య వేసేవాడు, రెండు ఇళ్ళకీ ఆ ఒక్క దెబ్బే. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా కత్తితో ఒక్కటేశాడు. అదే సమయానికి మధ్య వాటాలో నరసింగరావు ఇంకో కాయ కొట్టాడు. ముక్కలకి ఉప్పూ పసుపూ రాసి, మూటకట్టి, బరువు పెట్టి, మినప్పప్పు నానబోసేసరికి ఇక వెనక్కి తగ్గే వీల్లేదు. పొద్దున్న పిండి రుబ్బాక ఎండ పడకపోతే అది మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పై వాటాలో సాహు భార్య రాజశ్రీ కూడా ఆ రోజే బడీలు పెట్టాలని పిండి రుబ్బింది. వాళ్ళవీ గుమ్మడికాయవే, పేరే వేరు.

పొద్దున్న ఎనిమిదింటికి నాకు పిలుపొచ్చింది, శాంతి చర్చలకి మధ్యవర్తిగా. వెళ్ళేసరికి మేడ తలుపు ముందు ముగ్గురు మగాళ్ళు తాళంచెవులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక మెట్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు పిండి గిన్నెలతో.

"నాను ముందు తీస్తే బావ తియ్యకపోతే?" అన్నాడు మావయ్య.

"మొదట ఏసినోడే మొదట తియ్యాలి," అన్నాడు నరసింగరావు.

సాహు, "పహలే ఆప్ దోనోఁ," అని ముందు వంతు వాళ్ళిద్దరికీ ఇచ్చాడు మర్యాదగా.

నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "నేను మూడు లెక్కపెడతాను. మూడనగానే ముగ్గురూ ఒకేసారి తియ్యండి." ముగ్గురూ ఒప్పుకున్నారు. ఒకటి. రెండు. మూడు.

ఎవడూ కదల్లేదు. ముగ్గురూ పక్కవాడి చేతికేసే చూస్తున్నారు.

మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ అంతే. మూడోసారి నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. మెట్ల కిటికీలోంచి ఎండ గోడ మీద ఒక జానెడు జరిగింది.

అత్త పిండి గిన్నె నా చేతికిచ్చి కిందికి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ఒక చేతిలో మావయ్య స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో పచ్చడి బండ ఉన్నాయి. "తప్పుకోండి," అంది.

"తాళం ముట్టకు!" అని మావయ్య అరిచాడు. నరసింగరావు కూడా, "ట్యాగుందమ్మా, ట్యాగుంది!" అన్నాడు. ఆ ఒక్క విషయంలో బావలిద్దరిదీ ఒకే మాట.

అత్త తాళాల వైపు వెళ్ళనే లేదు. తలుపుకి రెండో పక్కన, దాన్ని గోడకి పట్టి ఉంచే బందుల దగ్గర కూర్చుంది. బందులోని ఇనుప పుల్ల కింద స్క్రూడ్రైవరు ఆనించి పచ్చడి బండతో కొట్టింది. పుల్ల పైకి లేచింది. అచ్చమ్మ లాగేసింది. రెండోది. మూడోది కాస్త మొరాయించింది. రాజశ్రీ, "దీదీ, థోడా ఔర్!" అని ఇంకాస్త కొట్టమంటూ తలుపు పట్టుకుంది. అదీ ఊడింది. ముగ్గురూ కలిసి తలుపుని ఒక పక్కకి లాగారు. మూడు తాళాలూ, మూడు ఎర్ర ట్యాగులూ చెక్కుచెదరకుండా అలాగే వేలాడుతున్నాయి. మేడ తెరుచుకుంది.

మగాళ్ళు ముగ్గురూ ఆ తాళాల వంక చూశారు. నియమం ప్రకారం ఏ తప్పూ జరగలేదు.

"ఇదేటే," అన్నాడు మావయ్య. "ఇంట్లో మనిషివై ఉండి నా ఎదరే..."

అత్త నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. "నాను తెలుగులో మాటాడి ఇరవై రోజులయ్యిందండీ."

"నాతో మాటాడతన్నావు కదా?"

"మీతోటా? మీరు మాటాడతారు, నాను ఇంటాను. మీకు మేడ కావాలి, బలం కావాలి, ఏటేటో కావాలి. నాకు అచ్చమ్మొదిన కావాలి, అంతే. నన్నొక్కసారి అడిగినారా?"

అత్త అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మావయ్యా వినలేదనుకుంటాను. ఆవిడ మేడ మీదికి వెళ్ళిపోయింది. పాత దుప్పటి పరిచిన చప్పుడు, తర్వాత అచ్చమ్మ గొంతు, తర్వాత ఇద్దరి నవ్వు. ఆ నవ్వు వింటూ మావయ్య మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, తెరిచే ఉన్న తలుపుకి తన తాళం తీశాడు. నరసింగరావు తనది, సాహు తనది తీశారు. లెక్కపెట్టేవాడు అక్కర్లేకపోయింది.

నేను కాలేజీకి ఫోన్ చేసి సెలవు పెట్టేశాను. మధ్యాహ్నం మేడ మీదికి వెళితే, మావయ్య కాలిపోయిన కూలర్ మీద కర్ర పట్టుకుని కూర్చుని వడియాల మీద వాలే కాకుల్ని తోలుతున్నాడు. అత్తా అచ్చమ్మా ట్యాంకు నీడలో ఉన్నారు. అచ్చమ్మ పని ఉందని కిందికి దిగాక, ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్న కాడినించీ మాటాడతన్నారు. ఏటంట?"

అత్త అనుమానంగా చూసింది. "మీకెందుకు? ఏటి కావాలి?"

"ఏటీ అక్కర్లేదు," అన్నాడు మావయ్య. కర్ర కింద పెట్టాడు. "ఊరికే అడిగినాను."

అత్త ఆయన ఖాళీ చేతుల వంక చూసింది. తర్వాత కొంచెం పక్కకి జరిగి, ట్యాంకు నీడలో ఆయనకి చోటిచ్చింది.